పగులును ఎందుకు వెడల్పు చేశాను

రద్వా చదివే కాలేజీలో ఆఖరి సంవత్సరం వాళ్ళందరికీ ఒకే పని ఇచ్చారు. నాలుగేళ్ళలో తాము చేసిన బొమ్మలన్నీ చూపించుకునేలా ఎవరికి వారు ఒక వెబ్‌సైట్ తయారుచేసుకోవాలి. దాని చివరి పేజీలో ఈ రంగు ఎందుకు ఎంచుకున్నాను, ఈ అక్షరాలు ఎందుకు వాడాను, ఈ ఫోటో ఇక్కడే ఎందుకు పెట్టాను అని తమ మాటల్లో రాయాలి. బొమ్మలకు ఎన్ని మార్కులో ఆ రాతకూ అన్నే. తోటి పిల్లలకు బొమ్మలంటే భయం లేదు గాని, ఆ రాత అనేసరికి తలలు పట్టుకున్నారు. "బాగుందనిపించింది, పెట్టాను. ఇంకేం రాయమంటారు?" అనేవాళ్ళు. రద్వా అలా కాదు. చేసిన పనికి కారణం చెప్పలేకపోతే ఆ పని తనది కాదని నమ్మే పిల్ల.

తండ్రి మహ్రూస్ ట్రామ్ నడిపేవాడు. తల్లి పోయి చాలా కాలమైంది. తండ్రికి మధ్యాహ్నం భోజనం ఇచ్చి రావడానికి వెళ్ళినప్పుడే, ట్రామ్ లైను వెనక సందులో రద్వాకు ఆ పాత మేడ కంటపడింది. నాలుగంతస్తులు. సముద్రపు గాలికి బాల్కనీల కమ్మీలు తుప్పుపట్టి, గోడల మీద ఎర్రటి చారలు కారి ఉన్నాయి. అలెగ్జాండ్రియాలో అలాంటివి వీధికి పది కనిపిస్తాయి. ఆమెను ఆకట్టుకుంది మెట్ల గోడ. నడుము ఎత్తు దాకా ముదురాకుపచ్చ ఆయిల్ పెయింటు, ఆ పైన సున్నం. మూడో అంతస్తు మలుపు దగ్గర పుట్టిన ఒక సన్నటి పగులు ఆ సున్నం మీదుగా వంకరలు తిరుగుతూ ఆకుపచ్చలోకి దిగుతోంది.

ఆమె ఫోన్ తీసి ఫోటోలు తీస్తుంటే పక్కన తలుపు తెరుచుకుంది. లావుపాటి ముసలావిడ ఒకామె తల బయటికి పెట్టింది.

"ఎవరే అది? మీటరు చూసే అమ్మాయివా?"

"కాదు హాగ్గా. ఫోటోలు తీసుకుంటున్నాను."

"వేటికి? మెట్లకా? ఈ మెట్లెక్కలేక నడుములు విరగ్గొట్టుకునే మనుషులం ఇక్కడుంటే, మా మొహాలు చూడకుండా మెట్ల మొహం చూస్తావేం?"

ఆవిడ పేరు నఈమా. హాగ్గా అంటే హజ్ చేసి వచ్చినావిడ; ఈవిడ మక్కాకు ఎన్నడూ వెళ్ళలేదు, అయినా వయసుకు మర్యాదగా వీధంతా హాగ్గా అనే పిలిచేది. కూతురు సబాహ్‌తో ఆ ఇంట్లో ఉండేది. సబాహ్ ఆసుపత్రిలో బట్టలు ఉతికే విభాగంలో పనిచేసేది. మొగుడితో తెగతెంపులై తల్లి దగ్గరికే వచ్చేసింది. రద్వాను బలవంతంగా లోపలికి లాక్కెళ్ళి కూర్చోబెట్టారు. గాజు గ్లాసుల్లో నల్లటి టీ వచ్చింది.

"ఆ పగులు చాలా బాగుంది హాగ్గా, చెట్టు కొమ్మలా ఉంది" అంది రద్వా.

తల్లీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు.

"విన్నావా సబాహ్, మన పగులు బాగుందట! ఓనరు బస్యూనీకి చెప్పు, అద్దె పెంచుతాడు." నవ్వు ఆగాక హాగ్గా చెప్పింది. "అది వేసవిలో లేదు బిడ్డా. కింద రెండు కొట్లనీ ఒకటి చెయ్యాలని మధ్య గోడ పడగొట్టించాడు మా ఓనరు. అప్పట్నించి మొదలైంది. ప్రస్తుతానికి వెంట్రుకంతే ఉంది. వాడేమో ఇది ఎప్పట్నించో ఉందంటాడు. నలభై ఏళ్ళుగా రోజూ ఈ గోడ పట్టుకునే ఎక్కుతున్నాను, నాకు తెలీదా?"

బజారులో అందరూ గౌరవంగా ముఅల్లిమ్, అంటే యజమాని, అని పిలిచే బస్యూనీ పెద్ద వ్యాపారస్థుడు. చట్టం ప్రకారం పెంచడానికి వీల్లేని పాత కాలపు అద్దెలు కనుక ఆ మేడ వల్ల అతనికి నెలకు చేతికొచ్చేది టీ ఖర్చులకు కూడా చాలదు. అందుకే మరమ్మతు మాటెత్తితే మండిపడేవాడు.

శీతకాలంలో సముద్రం మీద నుంచి తుపాను వచ్చి, మూడు రోజులు ఊరిని కడిగేసి పోయింది. అది తెరిపి ఇచ్చాక రద్వా మళ్ళీ అక్కడికి వెళ్ళింది. ఒకే చోటును రెండు వెలుగుల్లో చూపిద్దామని ఆమె ఆలోచన. మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆమెకే తేడా తెలిసింది. వెంట్రుక ఇప్పుడు వెంట్రుకలా లేదు. దాని మీద అక్కడక్కడ తెల్లటి జిప్సం పూసి ఉంది. పూసిన చోటే మళ్ళీ చీలింది.

హాగ్గా మెట్ల మలుపులోకి వచ్చి నిలబడింది. జేబులోంచి అగ్గిపుల్ల తీసి పగుల్లో పెట్టింది. అది తల దాకా దిగబడింది.

"చూశావా? మొన్న బస్యూనీ మనిషి వచ్చి పిండి మెత్తినట్టు మెత్తి పోయాడు. వారం తిరక్కుండా మళ్ళీ నోరు తెరిచింది. ఫోటో తియ్యి తల్లీ, బాగా తియ్యి. మునిసిపాలిటీ ఆఫీసు వాళ్ళకి చూపిస్తాం."

"అలాగే హాగ్గా. అయ్యాక మీకు పంపిస్తాను" అంది రద్వా. మాట తప్పాలని ఆమె మనసులో ఏ కోశానా లేదు.

రెండు ఫోటోలూ పెట్టి ఆమె వెబ్‌సైట్ మొదటి పేజీ కట్టింది. తెరవగానే సన్నటి పగులు ఉన్న గోడ. వేలితో పైకి తోస్తూ పోతే ఆ గోడ మెల్లగా రెండో ఫోటోగా మారుతుంది, పగులు విచ్చుకుంటుంది. దాని కొమ్మల చివర ఆమె బొమ్మల పేర్లు ఉంటాయి. రంగులన్నీ ఆ మెట్ల గోడవే: ఆకుపచ్చ, సున్నపు తెలుపు, తుప్పు. పాత ఇళ్ళ మీద ఉండే నీలం నంబరు పలకలను చూసి అక్షరాలు తనే గీసుకుంది.

పాఠం చెప్పే ప్రొఫెసరు, దొక్తోర్ వగీహ్, ఆ పేజీని చాలాసేపు పైకీ కిందికీ తిప్పి చూశాడు. మంచి పనిని చూస్తే నిజంగా సంతోషించే మనిషి ఆయన.

"ఆలోచన గొప్పగా ఉందమ్మా. కానీ చూపు మధ్యలోనే ఆగిపోతోంది. ఈ తెల్లటి మరకలేమిటి?"

"జిప్సం పూత, దొక్తోర్."

"గీతను తెంచేస్తున్నాయి. రెండు ఫోటోలకీ తేడా కూడా చాల్లేదు. చూసేవాడికి గుండె ఝల్లుమనాలి. ఇక్కడ ఇంకా ఏవేవో అడ్డం ఉన్నాయి, అన్నీ తీసెయ్. నీకు కావలసింది గోడా, గీతా. అంతే."

రద్వా ఇంటికొచ్చి అలాగే చేసింది. మొదటి ఫోటోలో పగులును ఇంకాస్త సన్నం చేసింది. రెండోదానిలో వెడల్పు చేసి, లోపల నలుపు నింపి, తన పేరు దాకా కిందికి దించింది. జిప్సం మరకల మీద సున్నం రంగు పరిచింది. ఫోన్‌లో చోటు నిండిపోయి సతాయిస్తుంటే అక్కరలేదనుకున్న ఫోటోలన్నీ చెరిపేసింది. కంప్యూటర్లో దిద్దినదాన్ని అసలు ఫైలు మీదే సేవ్ చేసుకుంది. ఎప్పుడూ చేసే పనే, తోటివాళ్ళూ అలాగే చేస్తారు.

చివరి పేజీలో ఇలా రాసింది:

"రెండో చిత్రంలో పగులును వెడల్పు చేశాను. కారణం, అది చూసేవారి చూపును చెయ్యి పట్టుకుని కిందికి తీసుకురావాలి. తెల్లటి అతుకులు గీతను తెంచుతున్నాయి కనుక తీసేశాను. మొదటి చిత్రంలో దాన్ని సన్నం చేయడం వల్ల రెండోది చూసినప్పుడు కాలం గడిచిన భావం కలుగుతుంది. ఒక గోడ ముసలిదవుతున్నట్టు అనిపించాలని నా ఉద్దేశం."

ఆమెకు తరగతిలో అందరికన్నా ఎక్కువ మార్కులు వచ్చాయి. వగీహ్ ఆ రాతను కింది తరగతి వాళ్ళకు చదివి వినిపించాడు.

ఇచ్చిన మాట ప్రకారం రద్వా ఆ వెబ్‌సైట్‌ను సబాహ్ ఫోన్‌కు పంపింది. రెండు రోజుల తర్వాత సబాహ్ ఫోన్ చేసింది. నవ్వు ఆపుకోలేకపోతోంది.

"ఒసేయ్ రద్వా, నీ వెబ్‌సైటు పట్టుకుని ఆఫీసుకెళ్ళానే. అక్కడ ఇంజనీరు గారు కళ్ళజోడు పెట్టుకుని చూసి చూసి, ఎవరు చేశారమ్మా, ఎంత బాగుంది అన్నాడు. వాళ్ళబ్బాయి పెళ్ళి కార్డు నువ్వు చేసి పెడతావేమో అడగమన్నాడు!"

"నిజంగానా?" రద్వాకు గర్వంగా అనిపించింది. "మరి పగులు సంగతి?"

"పగులుదేముంది, ఓనరు సంతకంతో అర్జీ పెట్టుకోమన్నాడు. బస్యూనీ సంతకమంట! నక్కని పిలిచి కోళ్ళగూటికి తాళం వెయ్యమన్నట్టుంది. అమ్మ మాత్రం నీ బొమ్మ చూసి మురిసిపోయింది. మన గోడ ఇంత అందంగా ఉంటుందా అంది."

ఆ మేడ ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున కూలిపోయింది. పెద్ద చప్పుడు కూడా కాలేదని సందు వాళ్ళు చెప్పారు. లారీలోంచి ఇసుక దించినట్టు బరబరమని జారి, దుమ్ము లేచి, ఆ తర్వాత నిశ్శబ్దం. నీళ్ళ గొట్టం ఒకటి పగిలి చిమ్ముతున్న శబ్దం మాత్రం వినిపించిందట. సబాహ్ రొట్టెల కోసం క్యూలో నిలబడి ఉంది. ఫోన్ ఇంట్లో చార్జింగ్‌లో పెట్టి వచ్చింది. వేడి రొట్టెలు పట్టుకుని మలుపు తిరిగేసరికి, తను నడిచి వచ్చిన గుమ్మం ఉన్న చోట ఆకాశం కనిపించింది.

ఏడుగురు పోయారు. హాగ్గా నఈమా మర్నాడు మధ్యాహ్నానికి దొరికింది. రద్వా అక్కడే ఉంది. దుప్పటి కప్పి తీసుకెళ్తుంటే సబాహ్ ఏడవలేదు. ఆ రొట్టెల సంచి ఇంకా చేతిలోనే ఉంది. ఎవరో తీసుకోబోతే ఇవ్వలేదు.

నలభై రోజుల దినం అయ్యాక సబాహ్ రద్వా ఇంటికి వచ్చింది. మహ్రూస్ ఆమెను కూర్చోబెట్టి తనే టీ పెట్టి ఇచ్చాడు. సబాహ్ గ్లాసు ముట్టుకోలేదు.

"బస్యూనీ ఏమంటున్నాడో విన్నావా? మేడ పాతదట, వర్షానికి పడిపోయిందట. గోడ తీయించడానికీ దీనికీ సంబంధం లేదట. పగులున్నట్టే తనకి తెలీదట. మేమంతా అబద్ధాలాడుతున్నామట, పరిహారం కోసం." ఆమె రద్వా వైపు తిరిగింది. "నీ దగ్గర రెండు ఫోటోలున్నాయి కదా. ముందొకటి, తర్వాతొకటి. నువ్వు మాకు చుట్టానివి కాదు, ఆ ఇంట్లో అద్దెకున్నదానివీ కాదు. నీ మాట వింటారు."

"ఆ ఫోటోలు నేను దిద్దాను సబాహ్."

"దిద్దితే ఏమైంది? అందరూ దిద్దుతారు. పగులు ఉందా లేదా?"

"ఉంది."

"పెరిగిందా లేదా?"

"పెరిగింది."

"అదే చెప్పు."

అసలు ఫోటోల కోసం ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. ఫోన్లు బాగుచేసే కుర్రాడు మూడు రోజులు తన దగ్గర ఉంచుకుని, చెరిపిన వాటి మీద కొత్తవి పడిపోయాయి, ఏమీ రావు అని తిరిగిచ్చేశాడు. కంప్యూటర్లో దిద్దినవే ఉన్నాయి. ఎవరికైనా పంపానేమోనని పాత సందేశాలన్నీ తిరగేసింది. వగీహ్‌కు చూపించింది కూడా తరగతి గదిలో తన కంప్యూటర్లోనే.

ప్రాసిక్యూటర్ యువకుడు. ఆమె చెప్పింది శ్రద్ధగా విన్నాడు. జిప్సం సంగతి వినగానే కలం ఆపి తలెత్తాడు. "పూత పూయించాడంటే పగులు సంగతి తెలుసన్నమాట. ఇది ముఖ్యమైన విషయం. ఫోటోలో కనిపిస్తుందా?"

"కనిపించదండీ. తీసేశాను."

"ఎందుకు?"

ఆమె చివరి పేజీ తెరిచి చూపించింది. ఆయన చదివి నిట్టూర్చాడు. "సరే. కనీసం పూత ఉండేదని అయితే రాశారు, కేసు పుట్టకముందే. కేసు తేలే దాకా ఈ వెబ్‌సైట్‌లో ఒక్క అక్షరం మార్చకండి, తీసెయ్యకండి. తీసేస్తే సాక్ష్యం మాయం చేశారంటారు."

విచారణ రోజున మహ్రూస్ సెలవు పెట్టి కూతురితో పాటు వచ్చాడు. బస్యూనీ తెల్లటి పొడవాటి గలాబియా వేసుకుని, జపమాల తిప్పుతూ ముందు వరుసలో కూర్చున్నాడు. ఎవరి వైపూ కోపంగా చూడలేదు. అతని లాయరు జుట్టు నెరిసిన మర్యాదస్థుడు. రద్వాను చూసి చిరునవ్వు నవ్వాడు.

"నీ వెబ్‌సైట్ మొత్తం చూశానమ్మా. చాలా బాగుంది. మా అమ్మాయి కూడా ఇదే చదువు చదువుతోంది, తనకీ చూపించాను. చివరి పేజీలో రాసింది కూడా నువ్వేనా?"

"అవునండీ."

"ఎవరైనా బలవంతపెట్టి రాయించారా?"

"లేదు."

"కోర్టు వారి అనుమతితో చదువుతాను. 'రెండో చిత్రంలో పగులును వెడల్పు చేశాను.' ఎంత వెడల్పు చేశావమ్మా?"

"కొంచెం."

"కొంచెమంటే? సగమా, రెట్టింపా, మూడింతలా?"

"గుర్తు లేదు."

"మొదటిదాంట్లో సన్నం చేశానని కూడా రాశావు. అదెంత?"

"గుర్తు లేదు. కంటికి బాగుండేంత."

గదిలో ఎవరూ నవ్వలేదు. న్యాయమూర్తి పక్కనున్న గుమాస్తాకు, "కంటికి బాగుండేంత అని రాయి" అని చెప్పాడు.

ప్రాసిక్యూటర్ లేచి, జిప్సం పూత ఉండేదని ఆ అమ్మాయి అదే పేజీలో రాసింది కదా అన్నాడు. లాయరు ఒప్పుకున్నట్టే తలూపాడు. "తెల్లటి అతుకులు అని రాసింది. జిప్సం అని రాయలేదు. రాలిన సున్నం కావచ్చు, తడి మరక కావచ్చు. లేని వెడల్పును ఉన్నట్టు గీసిన చెయ్యి, ఉన్నదాన్ని లేనట్టు చెరిపిన చెయ్యి. ఈ పిల్లని నేను తప్పుపట్టడం లేదు. తన పని అందంగా చూపించడం, చూపించింది. కానీ దీని మీద ఆధారపడి ఒక మనిషిని జైలుకి పంపుతారా?"

న్యాయమూర్తి రద్వాను అడిగాడు. "ఫోటో పక్కన పెట్టు. నీ కళ్ళతో చూశావు కదా. రెండోసారి వెళ్ళినప్పుడు ఎంత ఉంది?"

"హాగ్గా అగ్గిపుల్ల పెట్టి చూపించింది. లోపలికి దిగింది."

"అది ఇంకెవరైనా చూశారా?"

"ఆవిడే చూసింది" అంది రద్వా. ఆ మాట నోట్లోంచి వచ్చాక గాని అది పనికిరాని మాటని ఆమెకు తట్టలేదు.

బయట వరండాలో సబాహ్ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. రద్వా దగ్గరికి వెళ్ళడానికి భయపడింది. మహ్రూస్ ఆమె భుజం తట్టి, "వెళ్ళు. పారిపోతే ఇంకా పెద్ద తప్పు" అన్నాడు.

సబాహ్ తిట్టలేదు. మెల్లగా అడిగింది.

"రద్వా, ఆ రెండో ఫోటో తీసినప్పుడు అమ్మ మెట్ల మలుపులోనే నిలబడి ఉంది కదూ? అగ్గిపుల్ల పట్టుకుని?"

రద్వా తలూపింది.

"మా ఫోటోలన్నీ ఇంట్లోనే పోయాయి. ఫోన్ కూడా. గుర్తింపు కార్డు నకలు ఇమ్మంటే ఇచ్చారు. అందులో అమ్మ మొహం సిరా మరకలా ఉంది, అది కూడా పదిహేనేళ్ళ కిందటిది. పగులు సంగతి వదిలెయ్. ఆ ఫోటోలో అమ్మ ఉందా?"

"ఉండేది."

"ఉండేదంటే?"

"తీసేశాను సబాహ్. గోడ మాత్రమే కనిపించాలని."

సబాహ్ ఆమె కళ్ళలోకి సూటిగా చూసింది. "అమ్మ కూడా గీతకి అడ్డమొచ్చిందా?" అంది. తల మీద గుడ్డ సర్దుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

తీర్పు వేసవిలో వచ్చింది. అనుమతి లేకుండా కొట్టు మధ్య గోడ తీయించినందుకు బస్యూనీకి జరిమానా వేశారు. ఏడుగురి చావుకు అతనే కారణమని చెప్పడానికి తగిన ఆధారం లేదన్నారు. ప్రాసిక్యూటర్ పై కోర్టుకు వెళ్ళాడు. అక్కడ వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి.

ఆ వాయిదాల కాలమంతా రద్వా వెబ్‌సైట్ అలాగే ఉండిపోయింది. ఉద్యోగం కోసం వెళ్ళిన చోటల్లా వాళ్ళు ముందు దాన్నే చూసేవాళ్ళు. కైరోలో ఒక కంపెనీ పెద్దమనిషి ఆ పగులు దగ్గర వేలు ఆపి, "ఇది అద్భుతం. ఈ ఆలోచన ఎలా వచ్చింది?" అని అడిగాడు. రద్వా చెప్పడం మొదలుపెట్టింది. సగంలో ఆయన మొహం మారడం చూసి ఆపేసింది. ఆ ఉద్యోగం రాలేదు. తర్వాత వెళ్ళిన చోట ఏమీ చెప్పలేదు; ఆ ఉద్యోగం వచ్చింది. మందుల డబ్బాల మీద అక్షరాలు పేర్చే పని. మాత్ర ఎంత బరువో, ఏ నెల దాకా పనిచేస్తుందో ఉన్నది ఉన్నట్టు పెట్టాలి. ఆ పని ఆమె బాగానే చేసేది.

దొక్తోర్ వగీహ్ ఒకసారి ఫోన్ చేశాడు. "తీసెయ్యమన్నది నేనే కదమ్మా. కోర్టులో నా పేరు ఎందుకు చెప్పలేదు?"

"మీరు గీతని చూశారు దొక్తోర్. గోడని చూసింది నేను" అంది ఆమె. ఆ తర్వాత ఆయన ఫోన్ చేయలేదు.

సబాహ్‌కు ఊరి చివర ఎడారి వైపు కట్టిన ప్రభుత్వపు ఇళ్ళలో ఒక గది ఇచ్చారు. అక్కడి నుంచి ఆసుపత్రికి రెండు బస్సులు మారాలి. ఏడాది నిండిన తర్వాత ఒక శుక్రవారం రద్వా అక్కడికి వెళ్ళింది. సంచిలో ఒక కాగితం పెట్టుకుంది. నెలల తరబడి గీసి, చింపి, మళ్ళీ గీసిన బొమ్మ. మెట్ల మలుపులో నిలబడ్డ హాగ్గా.

సబాహ్ తలుపు తీసి, కాసేపు గుమ్మంలోనే నిలబెట్టి చూసింది. తర్వాత పక్కకు తప్పుకుంది. గదిలో మంచం, గ్యాసు పొయ్యి, కిటికీలో ఎండబెట్టిన బట్టలు ఉన్నాయి. రద్వా కాగితం తీసి ఇచ్చింది. సబాహ్ దాన్ని కిటికీ వెలుగులోకి తీసుకెళ్ళి చూసింది.

"అందంగా ఉంది" అంది చివరికి. "కానీ ఇది అమ్మ కాదు."

"ఎక్కడ తప్పు? చెప్పు, దిద్దుతాను."

"అమ్మకి గడ్డం కింద ఇంత కండ ఉండేది. నువ్వు సన్నం చేశావు. కళ్ళు కూడా. అమ్మకి ఒక కన్ను కొంచెం చిన్నది. నవ్వితే మూసుకుపోయేది. నువ్వు రెండూ సమానంగా పెట్టావు."

రద్వా నేల మీద కూర్చుని సంచిలోంచి పెన్సిలూ రబ్బరూ తీసింది. కాగితం మోకాళ్ళ మీద పెట్టుకుంది. "ఏ కన్ను?"

"ఎడమది" అంది సబాహ్ వెంటనే.

రద్వా ఎడమ కన్ను చెరిపేసి, చిన్నదిగా గీయడం మొదలుపెట్టింది. సబాహ్ పైనుంచి వంగి చూస్తూ ఉంది. రెప్ప గీత పూర్తయ్యేసరికి ఆమె చెయ్యి వచ్చి రద్వా చేతి మీద పడింది.

"ఆగు."

రద్వా తలెత్తింది. సబాహ్ కిటికీ వైపు తిరిగి, తన మొహం మీదే ఒక కన్నును వేలితో తాకి చూసుకుంటోంది. తర్వాత రెండోదాన్ని. తల్లి ఎదురుగా నిలబడి ఉన్నట్టు చెయ్యి ముందుకు చాచి, కుడి ఏదో ఎడమ ఏదో పోల్చుకోవడానికి ప్రయత్నిస్తోంది.

"ఎడమదేనా?" అంది రద్వా.

"ఎడమదే. కాదు, ఉండు. నాకెదురుగా కూర్చుంటే ఇటు వైపు…"

రద్వా పెన్సిల్ పక్కన పెట్టింది. సబాహ్ వచ్చి ఆమె పక్కనే నేల మీద కూర్చుంది. ఏడాదిగా ఎవరి ముందూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. రద్వా ఆమెను ముట్టుకోలేదు, ఓదార్చలేదు. కిటికీలో బట్టలు ఎండి బిరుసెక్కే దాకా ఇద్దరూ అలాగే కూర్చుని ఉన్నారు, ఒక కన్ను పూర్తికాని ఆ కాగితాన్ని మధ్యలో పెట్టుకుని.